ఇత్తడి వన్నె – ఇంటి మన్నిక

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇటుకను, సున్నాన్ని, కలపను తలచుకొని వారు ఆ మాట అని ఉంటారు. గోడలు లేచి, కప్పు పడి, ద్వారబంధాలు నిలిచిన తరువాత కూడ గృహస్థుకు మరొక పరీక్ష మిగిలి ఉంటుందని వారు ఊహించి ఉండరు. సికింద్రాబాదులో ఇల్లు కట్టుకొనేవారికి ఆ పరీక్ష నేడు రాణిగంజ్ దుకాణాలలో ఎదురవుతున్నది. తలుపు పిడి, గడియ, గొళ్ళెం, మడతబందు, స్నానాల గది కొళాయి, ఇందులో ప్రతి ఒక్కదానికి అరడజను వన్నెలు. మెరిసే ఇత్తడి, మెరుపు తగ్గించిన ఇత్తడి, పాతదిగా కనబడే క్రొత్త ఇత్తడి, నల్లకంచు, ఎర్రరాగి, గులాబీ బంగారం. అన్నీ కంటికి ఇంపైనవే. ఏది ఎన్నుకోవాలో తోచక గంటల తరబడి నిలబడి, చివరకు విసిగి, దుకాణదారు చేతికిచ్చినదే పుచ్చుకొని వచ్చేవారు పెక్కుమంది.

ఈ చిక్కుకు కారణం సరకు పెరగడం కాదు, ప్రశ్న తప్పడం. కొనేవారు అడిగేది వన్నెను గురించి. అమ్మేవారు చెప్పేదీ వన్నెను గురించే. వన్నె మొదటి నాటి సంగతి. ఇల్లు మొదటి నాటితో ముగిసేది కాదు. వీధి తలుపు పిడిని ఇంటిల్లిపాదీ రోజుకు ఎన్ని సార్లు పట్టుకొంటారో లెక్క లేదు. కాబట్టి అడుగవలసిన ప్రశ్నలు వేరే రెండు ఉన్నవి. పదేండ్ల వాడుక తరువాత ఈ వస్తువు ఏమవుతుంది? అంతవరకు దీని ఆలనాపాలనా ఎవరి చేతి మీద పడుతుంది? ఈ రెండింటికీ సరియైన సమాధానం దొరికితే వన్నె దానంతట అదే కుదురుతుంది.

ముందు లోహాల కులగోత్రాలు తెలియాలి. వెచ్చని వన్నె గల ఈ లోహాలన్నింటికీ తల్లి రాగి. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. ఇంతవరకు బడిపిల్లలకు తెలిసినదే. పాళ్ళను బట్టి వన్నె మారుతుందన్నది అంతగా ఎవరూ గమనించరు. నూటికి పది, పదిహేను పాళ్ళ జింకు ఉన్న ఇత్తడి ఇంకా తల్లి ఎరుపును విడువదు. ముప్పై పాళ్ళకు చేరేసరికి దానికి పుత్తడి ఛాయ వస్తుంది. కంచు సంగతి వేరు. నూటికి పన్నెండు పాళ్ళ తగరం ఉంటే పోతపనికి అనువైన కంచు అవుతుంది. ఇరవై, ఇరవై రెండు పాళ్ళకు పోతే గంటలకు తగిన కంచు. ఖంగున మోగుతుంది, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. మన కంచం అన్న మాటలోనే ఈ కంచు ఉన్నది.

తగరం జింకు కంటె ఎన్నో రెట్లు ఖరీదు. కనుక అంగడిలో కంచు పేరుతో అమ్మే తలుపు సామానులో అసలైన కంచు అరుదు. అందులో చాలవరకు రసాయనాలతో నలుపు చేసిన ఇత్తడి. కాకుంటే రంగు పూసిన వేరొక లోహం. మొదటిది మోసం కాదు. నలుపు చేసిన ఇత్తడి లోపల ఇత్తడే. చేయి తగిలి నలుపు అరిగితే కింద నుండి వెలుగు తొంగిచూస్తుంది. రెండవదానిలో అరిగితే తొంగిచూసేది వెలుగు కాదు. ఇక గులాబీ బంగారం. రాగి కలిపిన బంగారానికి కంసాలుల లోకంలో చెల్లే పేరది. కొళాయి మీద ఆ పేరు కనబడినప్పుడు అందులో బంగారం కోసం కంచుకాగడాలు పట్టుకొని వెదకడం వృథా శ్రమ.

వన్నె మాసిపోతుందన్న భయమే ఈ పూతలన్నింటికీ మూలం. ఆ భయంలో సగం అజ్ఞానం ఉన్నది. ఇనుము పాడవడం, ఇత్తడి మాయడం ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన అజ్ఞానమది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డు రాస్ దోమల కడుపులో మలేరియా జాడను వెదుకుతున్న రోజులలో, నొసటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు ఆయన సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి. ఈ సంగతిని ఆయన తన జ్ఞాపకాలలో వ్రాసుకొన్నాడు. ఆ నెల 20వ తేదీన ఆయన వెదుకుతున్నది దొరికింది. చరిత్ర ఆ తేదీని గుర్తు పెట్టుకొన్నది. లోహశాస్త్రం చదివేవారు ఆ మరలను కూడ గుర్తు పెట్టుకోవచ్చును. మనిషి చెమటలో ఉప్పు ఉన్నది. ఇనుము దానికి లొంగి, పొరలు పొరలుగా ఊడి, లోపలి క్రొత్త ఇనుమును మళ్ళీ గాలికి, తేమకు అప్పగిస్తుంది. తుప్పు తినివేసే జబ్బు.

రాగి జాతి లోహాలకు పట్టే మరక అటువంటిది కాదు. గాలిలోని ప్రాణవాయువు, గంధకపు ఆవిరి సోకి ఇత్తడి మొదట తేనె రంగుకు, తరువాత ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ పొర లోహాన్ని అంటిపెట్టుకొని ఉండి, లోపలికి పోయే క్షయాన్ని నెమ్మదిస్తుంది. తేమ, పులుపు చేరిన చోట పచ్చని చిలుం పుడుతుంది. అది మాత్రం తుడువవలసినదే. సముద్రపు ఉప్పుగాలి తగిలే విశాఖపట్నంలోను, మచిలీపట్నంలోను ఈ మార్పు త్వరగా వస్తుంది. కొన్ని ఇత్తళ్ళలో జింకు కరిగిపోయి ఎర్రని మచ్చలు కూడ పడతాయి. దక్కను పీఠభూమి మీది పొడిగాలిలో, సికింద్రాబాదు వంటి ఊళ్ళో, అదే ఇత్తడి నింపాదిగా ముదురుతుంది. ముదిరిన ఇత్తడిలో ఒక సొగసు ఉన్నది. చేయి తగిలే చోట మెరుపు, తగలని నొక్కులలో నీడ. ఏ కార్ఖానా కూడ ఆ వెలుగునీడలను సరిగ్గా అనుకరించలేదు. ఎందుకంటే వాటిని గీసేది ఆ ఇంటివారి చేతులు.

అయితే పూత అన్నదే తప్పని ఇక్కడి వాదం కాదు. పూతలు వేయడం మనవారికి తెలియని విద్యా కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాచితే చిలుమెక్కి విషమవుతుందని ఎరిగిన ఇల్లాండ్రు లోపల తగరపు కళాయి పెట్టించేవారు. కళాయి అరిగితే కళాయివాడు వీధిలోకి వచ్చి, కొలిమి రాజేసి, నవాసారం చల్లి మళ్ళీ వేసేవాడు. హైదరాబాదు నుండి వరంగల్లు పోయే దారిలో జనగామ దగ్గర ఉన్న పెంబర్తి గ్రామం ఇత్తడి రేకుపనికి ప్రసిద్ధం. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో సాగగొట్టి దేవతామూర్తులకు తొడుగులు చేస్తారు. రేకు కూడ తొడుగే. కాని అది కంటికి కనబడే మందం గలది. దెబ్బ తగిలి సొట్ట పడితే ఊడదీసి, సాపు చేసి, మళ్ళీ బిగించవచ్చును. మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి పేరు చెప్పగానే గిల్టు నగలు గుర్తుకు వస్తాయి. ఆ నగను కొనే ఆడపడుచు అది బంగారం కాదని తెలిసే కొంటుంది. పేరంటానికి పెట్టుకొని, వచ్చిన తరువాత మెత్తని గుడ్డలో చుట్టి దాచుకొంటుంది. తలుపు పిడికి అటువంటి విశ్రాంతి ఎక్కడిది? తాళపు చెవుల గుత్తి, చంటిపిల్లల ఉంగరాలు, సంచుల కొక్కేలు దానికి నిత్యం తగులుతూనే ఉంటాయి.

కాబట్టి విడదీసి చూడవలసిన గీత పూతకు, లోహానికి నడుమ లేదు. మళ్ళీ వేసుకోగల పూతకు, వేసుకోలేని పూతకు నడుమ ఉన్నది. ఇత్తడి మీద పూసే పారదర్శకమైన లక్క వంటి పూత కొన్నేండ్లు మెరుపును కాపాడుతుంది. తరువాత ఎక్కడో ఒక గీత పడి, ఆ సందులో నుండి నలుపు వేళ్ళు తన్నుకొని పాకుతుంది. అప్పుడు పైన తోమితే పోదు. పూత నంతా ఒలిచివేయాలి. చౌకరకం ఇనుము మీద, జింకు పోత మీద ఎక్కించిన ఇత్తడి నీరు ఇంకా పలుచన. అది అరిగిన నాడు పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు తలుపు మీదనే ఉదాహరణ దొరుకుతుంది.

ఈ కాలపు క్రొత్త పూత ఒకటి ఉన్నది. దుకాణాలలో దానిని పి.వి.డి. అంటారు. గాలి తీసివేసిన పేటికలో టైటానియం, జర్కోనియం వంటి లోహాలను ఆవిరిగా మార్చి, నత్రజనితో కలిపి వస్తువు మీద పొరగా కూర్చుతారు. ఆ పొర మందం సుమారు ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంత పలుచనిదైనా చాల కఠినమైనది. నీటికి, సబ్బుకు సులభంగా లొంగదు. న్యాయం చెప్పవలసి వస్తే దానిని గిల్టుతో సమానం చేయరాదు. దాని లోపం ఒక్కటే. అది ముదరదు, చెడితే బాగుపడదు. గీత పడిన చోటును ఏ ఇల్లాలు, ఏ కంసాలి కూడ ఇంటి దగ్గర సరిదిద్దలేరు.

రెండవ ప్రశ్న చేతి శ్రమను గురించినది. సికింద్రాబాదు పుట్టుకలోనే ఆ శ్రమ ఉన్నది. నిజాముకు, ఆంగ్లేయులకు 1798లో జరిగిన ఒడంబడికను అనుసరించి ఇక్కడ దండు దిగింది. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు ఊరికి పెట్టబడింది. దండు అంటే బొత్తాలు, బిళ్ళలు, కట్టులు, అన్నీ ఇత్తడివే. వాటిని తోమి తళతళలాడించడం సిపాయి దినచర్యలో ఒక భాగం. ఇత్తడిని మెరిపించే బ్రాసో ద్రవం 1905లో ఇంగ్లండులో వెలువడి, నేటికీ మన పచారీ కొట్లలో దొరుకుతున్నది. చివరకు ఆ బ్రిటిష్ సైన్యమే 1950 దశకంలో తోమ నవసరం లేని, రంగు పట్టించిన అల్యూమినియం బొత్తాలకు మారింది. ఆజ్ఞకు కట్టుబడిన సిపాయిలు గల సైన్యమే మోయలేక దించుకొన్న బరువును ఇంటిలో ఇల్లాలి మీద గాని, పనిమనిషి మీద గాని పెట్టవచ్చునా అన్నది ఆలోచించదగిన విషయం.

లెక్క కట్టి చూడండి. ఆరు తలుపులున్న ఇంటిలో తలుపుకు మూడు మడతబందులు, రెండు గడియలు, రెండు పిడులు అనుకొంటే నలభై రెండు. ఎనిమిది కిటికీలకు ఒక్కొక్కదానికి నాలుగు మడతబందులు, రెండు గడియలు, రెండు పిడుల చొప్పున అరవై నాలుగు. వెరసి నూట ఆరు. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు పట్టినా మూడున్నర గంటలకు పైగా తోమాలి. మెరుపు ఇత్తడి గుణం కాదు, ఎవరో పడిన శ్రమ. ఇంటి యజమాని వన్నెను ఎన్నుకొనేటప్పుడు ఆ ఎవరో ఎవరన్నది మనసులో ఉంచుకోకపోతే, అతడు ఎన్నుకొన్నది అందం కాదు, మరొకరి వెట్టి.

ఈ రెండు ప్రశ్నలను ముందు పెట్టుకొని ఇల్లంతా ఒకసారి తిరిగితే నిర్ణయాలు సులభమవుతాయి. వీధి తలుపు పిడికి, గొళ్ళానికి ఘనమైన ఇత్తడి తగును. పైన ఏ పూతా వద్దు. అక్కడ తోమే పని చేతులే చేస్తాయి. మరొక లాభం కూడ ఉన్నది. రాగి, రాగి పాలు హెచ్చుగా గల ఇత్తడి తమ మీద చేరిన సూక్ష్మక్రిములను కొన్ని గంటలలో చంపగలవని పరీక్షలలో తేలింది. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ 2008లో ఈ గుణాన్ని అంగీకరించి రాగి మిశ్రమాలను నమోదు చేసింది. పూత కప్పిన ఇత్తడికి ఈ గుణం ఉండదు. చేయి కడుగుకోవడం మానవచ్చునని దీని అర్థం కాదు. నలుగురు పట్టుకొనే చోట అసలు లోహం ఉండడానికి ఇది మరొక కారణం, అంతే.

ఎత్తైన కిటికీలకు, మేడ మీది వెంటిలేటర్లకు, చేయి అందని చోట్లకు నలుపు చేసిన ఇత్తడి మేలు. అది తోమమని ఎవరినీ అడుగదు. ఇత్తడి మడతబందులకు ఇత్తడి మరలే వాడాలి. తేమ తగిలే చోట ఇనుప మర ఇత్తడి పక్కన చేరితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఇత్తడి మర మెత్తన; టేకులోకి నేరుగా త్రిప్పితే తల తెగుతుంది. ముందు అదే కొలత గల ఇనుప మరతో దారి చేసి, తరువాత ఇత్తడి మర బిగించడం అనుభవజ్ఞుడైన వడ్రంగి పద్ధతి. వంటింటిలో చింతపండు పులుసు, నిమ్మరసం చిందే చోట ఉత్త రాగి, ఉత్త ఇత్తడి మచ్చలు పడతాయి. అక్కడ తెల్లని స్టెయిన్‌లెస్ ఉక్కు వాడినందుకు చిన్నతనం లేదు. స్నానాల గదిలో బోరు నీటి సున్నం తెల్లగా పేరుకొంటుంది. వెచ్చని వన్నెయే కావాలనేవారు పి.వి.డి. పూతను ఉంచవలసిన చోటు అదే. దానిని ఆమ్లాలతో రుద్దక, నీరు పడగానే మెత్తని గుడ్డతో తుడిస్తే చాలును. త్రాగే నీటి కొళాయి విషయంలో మాత్రం వన్నె కంటె లోపలి సంగతి ముఖ్యం. కోతకు సుళువుగా ఉండాలని ఇత్తడిలో సీసం కలపడం పరిపాటి. అమెరికాలో 2014 జనవరి నుండి త్రాగునీరు తగిలే భాగాలలో సగటున నూటికి పాతిక పైసల పాలు, అంటే 0.25 శాతం, మించి సీసం ఉండరాదన్న నియమం అమలులో ఉన్నది. పిల్లలున్న ఇంటివారు సీసం లేని కొళాయిని అడిగి కొనడం మంచిది. పూజగదిలో దీపపు కుందులు, గంట ఎట్లాగూ తోమబడతాయి. ఇంటిలో ఒక్కచోట తళతళ ఉండాలంటే అక్కడ ఉండనీయండి.

అంగడిలో అసలును గుర్తించే ఉపాయం విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నది. అయస్కాంతం అంటుకొంటే లోపల ఇనుము ఉన్నట్లే. అంటుకోనంత మాత్రాన ఇత్తడి అని నమ్మరాదు; జింకు పోత, అల్యూమినియం కూడ అంటుకోవు. అక్కడ ఆర్కిమెడీసు సాయపడతాడు. పిడిని తూచి, నీటిలో పూర్తిగా ముంచి, పక్కకు తొలగిన నీటిని కొలవాలి. యాభై ఘన సెంటీమీటర్ల నీటిని తొలగించిన వస్తువు ఇత్తడిదైతే సుమారు 420 గ్రాములు తూగుతుంది. జింకు మిశ్రమానిదైతే 330 గ్రాములు, అల్యూమినియానిదైతే 135 గ్రాములు మించదు. లోపల గాలి చిక్కుకోకుండ ముంచితే సరి. సాంద్రత పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయుడు ఒక పాత గడియను తరగతికి తెస్తే విద్యార్థులు ఆ సూత్రాన్ని జన్మలో మరువరు.

పాత గడియలకు ఈ ఊళ్ళో కొదువ లేదు. మారేడుపల్లిలోను, ఒకప్పుడు వాకర్ టౌన్ అనిపించుకొన్న పద్మారావునగర్‌లోను పెంకుటిండ్లు, బంగళాలు పడగొట్టి ఎత్తైన వాటాల ఇండ్లు లేపుతున్నారు. పాత తలుపులు పోయినప్పుడు వాటితోపాటు గడియలు, గొళ్ళేలు పాత సామాను బండి మీద బరువుకు పోతున్నవి. నూనె రంగు పొరల కింద అవి ఏ లోహానివో కూడ చూచేవారు లేరు. సబ్బునీటిలో కాచి రంగు ఊడదీస్తే ఎన్నింటి కిందనో ఘనమైన ఇత్తడి బయటపడుతుంది. తాతగారు చేయి వేసి అరగదీసిన గడియను తూకానికి అమ్మి, పాతదిగా కనబడేటట్లు చేసిన క్రొత్త గడియను హెచ్చు ధరకు కొనడం కంటె విడ్డూరం ఉన్నదా?

ఇత్తడి ఖరీదైనది, సామాన్యులకు అందేది కాదు అని కొందరనవచ్చును. నిజమే. కాని ఇల్లంతా ఇత్తడి పెట్టమని ఎవరూ శాసించలేదు. నలుగురి చేయి తగిలే వీధి తలుపు పిడి ఒక్కటి అసలైనది పెట్టి, తక్కినవన్నీ నల్లరంగు వేసిన ఇనుముతోనో, ఉక్కుతోనో సరిపెట్టుకోవచ్చును. నిజాయితీ గల ఇనుము దొంగ పుత్తడి కంటె ఎప్పుడూ గౌరవనీయమే. పైగా ఘనమైన ఇత్తడి ఎంత పాతబడినా కరిగించి మళ్ళీ పోత పోయవచ్చును. అందువల్లనే పాత సామాను అంగడిలో కూడ దానికి వెల ఉంటుంది.

కంచు మోతను కనకపు మౌనంతో పోల్చి అల్పులను మందలించిన వేమన పద్యం రాని బడిపిల్లవాడు ఉండడు. పద్యంలోని నీతి నీతియే. అయినా ఆ బడిలో గంట మోగాలంటే కంచు కావాలి గాని కనకం పనికిరాదు. ప్రతి లోహానికి తన పని, తన చోటు, తన వార్ధక్యం ఉన్నవి. ఇత్తడిని ఇత్తడిగా, ఇనుమును ఇనుముగా ఉండనిచ్చి, వాటిని కాపాడే చేతుల ఓపికను గుర్తించి అమర్చుకొన్న ఇల్లు ఏటేటా అందగిస్తుంది. వన్నె కోసం వన్నెను కొన్న ఇల్లు గృహప్రవేశం నాటికే తన అందమంతా ఖర్చు చేసుకొని కూర్చుంటుంది.